అద్దింట్లో మార్బుల్ మీద సిలిండర్ తుప్పు గుండ్రాలు, అడ్వాన్స్ పోయేలా ఉంది!

సామాన్లమూట | శనివారం, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. ఈ నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేస్తున్నాం. ఇవాళ వంటగది సర్దుతూ గట్టు కింద ఉన్న గ్యాస్ సిలిండర్ పక్కకి జరిపాను. తెల్ల మార్బుల్ మీద అచ్చు గుద్దినట్టు గుండ్రంగా తుప్పు. అదీ ఒకటి కాదు. రెండేళ్లలో మార్చిన ప్రతి సిలిండరూ కాస్త అటూ ఇటూగా తన ముద్ర వేసి పోయింది. ఒలింపిక్ జెండాలా ఉంది.

సబ్బు పొడితో రుద్దాను, వంట సోడాతో రుద్దాను. కదల్లేదు. ఓనర్ గారు పెయింటింగ్ పేరుతో ఇప్పటికే ఒక నెల అద్దె పట్టుకుంటానన్నారు. ఇది చూస్తే రెండో నెల కూడా అంతే. ఎవరికైనా ఉపాయం తెలిస్తే చెప్పండి, చాలా టెన్షన్ గా ఉంది.

గోదారిగట్టు | శనివారం, రాత్రి 9.22

ఇంత చిన్నదానికి టెన్షన్ ఎందుకమ్మా. నిమ్మచెక్క మీద ఉప్పు వేసి రుద్దు, అరగంట వదిలెయ్యి. మా అమ్మ మావయ్య గారి పంచెల మీద తుప్పు అలాగే పోగొట్టేది.

ఫ్లాట్_నంబర్_404 | శనివారం, రాత్రి 9.31

బాత్రూమ్ ఆసిడ్ ఒక మూత పోసి చీపురుతో రుద్దండి. రెండు నిమిషాల పని.

తాండూరుబండ | శనివారం, రాత్రి 9.40

అన్నా 404, జర ఆగు! మార్బుల్ మీద ఆసిడ్ పోయమంటవా? మరక పోతది, దాంతోపాటు నున్నదనం కూడా పోతది. నేను ఇరవై ఏండ్ల సంది ఫ్లోరింగ్ పనిలో ఉన్న. అక్కా, నిమ్మకాయ కూడా పెట్టకు. రేపు పొద్దున వివరంగా రాస్త, అప్పటిదాక ఏం ముట్టుకోకు.

సామాన్లమూట | శనివారం, రాత్రి 10.05

అయ్యో, ఈ పోస్ట్ ఇప్పుడే చూశాను. గోదారిగట్టు గారి మాట చదివి వెంటనే నిమ్మకాయ, ఉప్పు పెట్టేశాను. అరగంట అయింది. కడిగితే తుప్పు కొంచెం పలచబడినట్టే ఉంది. కానీ నిమ్మరసం పారిన మేరంతా మెరుపు పోయి తెల్లగా, చేత్తో తడిమితే గరుకుగా తగులుతోంది. ఇప్పుడు రెండు మరకలయ్యాయి!

గోదారిగట్టు | శనివారం, రాత్రి 10.11

అయ్యయ్యో. క్షమించమ్మా. నేను బట్టల సంగతి చెప్పాను, రాయి సంగతి ఆలోచించలేదు.

పాతబల్ల_మాస్టారు | ఆదివారం, ఉదయం 6.15

రాత్రి తొమ్మిదిన్నరకే పడుకునే అలవాటు వల్ల ఇదంతా ఇప్పుడు చూశాను. రసాయనశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి, కాబట్టి కాస్త పాఠంలా ఉంటుంది, ఓపిక పట్టండి.

తుప్పు అంటే ఇనుము గాలితో, తేమతో కలిసి అయిన ఆక్సైడు. అది నీళ్లలో కరగదు, సబ్బుకి లొంగదు. సబ్బు తీసేది జిడ్డుని, తుప్పు జిడ్డు కాదు కదా. తుప్పులో ఉన్న ఇనుముని పట్టుకుని నీళ్లలోకి లాక్కుపోయేది ఏదో ఒకటి కావాలి. నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం, చింతపండులోని టార్టారిక్ ఆమ్లం, హార్డ్‌వేర్ షాపుల్లో పొడిగా దొరికే ఆగ్జాలిక్ ఆమ్లం చేసేది ఆ పనే. ఇంతవరకూ గోదారిగట్టు గారిది సరైన మందే.

అయితే రోగి మారాడు. మార్బుల్ అంటే కాల్షియం కార్బొనేట్, మనం తమలపాకుకి రాసుకునే సున్నానికి పుట్టిల్లు. ఏ పులుపు తగిలినా అది నురగ కక్కి కరుగుతుంది. సామాన్లమూట గారు చూసిన తెల్ల మచ్చ మరక కాదు, రాయి పైపొర కరిగిపోయిన చోటు. దాన్ని కడిగి పోగొట్టలేం, మళ్లీ పాలిష్ పెట్టాల్సిందే.

తాండూరుబండ | ఆదివారం, ఉదయం 8.30

మాస్టారు కరెక్ట్ గా చెప్పిండ్రు. మార్బుల్ ఒక్కటే కాదు. తాండూరు బండలు, షాబాద్ బండలు, బేతంచెర్ల నాపరాళ్లు, నల్ల కడప బండ, ఇవన్నీ సున్నపురాయి జాతే. నల్ల కడప గట్టు మీద నిమ్మచెక్క రాత్రంతా పెట్టి మర్చిపోయిన ఇండ్లు ఎన్ని చూసిన్నో. పొద్దున్నే బూడిదరంగు గుండ్రం ఉంటది. గ్రానైట్ వేరే, దానికి నిమ్మకాయతో భయం లేదు. మెరిసే టైల్ కి కూడా భయం లేదు, కాకపోతే టైల్స్ మధ్యలో ఉన్న సిమెంట్ గీతల్ని ఆసిడ్ తింటది.

మీ నేల ఏ రాయో తెలియకపోతే తలుపు వెనకో, అల్మరా కిందో ఒక్క నిమ్మ చుక్క వేసి చూడండి. బుడగలొస్తే సున్నపురాయి. వెంటనే తుడవండి.

చిక్కడపల్లి_చింతపండు | ఆదివారం, ఉదయం 9.02

మాస్టారూ ఒక సందేహం. మా ఇంట్లో మార్బుల్ పాలిష్ చేసినవాళ్లు కళ్లముందే ఆగ్జాలిక్ పౌడర్ వేసి మెషీన్ తిప్పారు. మరి మీరు మార్బుల్ కి ఆమ్లం తగలకూడదంటున్నారు!

పాతబల్ల_మాస్టారు | ఆదివారం, ఉదయం 9.20

మంచి ప్రశ్న. బడిలో ఇలా అడిగినవాళ్లని ముందు బెంచీలో కూర్చోబెట్టేవాణ్ణి. పాలిష్ వాళ్లు రాళ్లతో అంచెలంచెలుగా నున్నగా అరగదీశాక చివర్లో కొంచెం పొడి, నీళ్లు వేసి మెషీన్ ఆపకుండా రుద్దుతారు. ఆమ్లం రాయిలోని కాల్షియంతో కలిసి పైన సన్నని పొరలా ఏర్పడుతుంది, రాపిడికి అది మెరుస్తుంది. అదే పొడిని ముద్దచేసి తుప్పు మీద పెట్టి గంట వదిలేస్తే మెరుపు రాదు, గరుకు మచ్చ మిగులుతుంది.

సామాన్లమూట | ఆదివారం, ఉదయం 9.45

పాఠం అర్థమైంది మాస్టారూ. కానీ ఇప్పుడు నేనేం చెయ్యాలి? శుక్రవారం ఓనర్ గారు వస్తున్నారు.

పాతబల్ల_మాస్టారు | ఆదివారం, ఉదయం 10.30

ఇనుముని పట్టుకోవాలి, పులుపు మాత్రం ఉండకూడదు. అందుకు దారి ఉంది.

కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు దొరుకుతుంది, అదే సిట్రిక్ ఆమ్లం. 10 గ్రాముల నిమ్మ ఉప్పుని ముప్పావు టీగ్లాసు నీళ్లలో, అంటే సుమారు 80 మిల్లీలీటర్లలో, కరిగించి, 12 గ్రాముల వంట సోడా కొద్దికొద్దిగా వెయ్యండి. బుసబుసమని పొంగుతుంది, పెద్ద గిన్నె తీసుకోండి. పొంగు పూర్తిగా ఆగాక గిన్నెలో మిగిలేది సోడియం సిట్రేట్. పులుపు చచ్చిపోయింది, ఇనుముని పట్టుకునే గుణం మాత్రం అలాగే ఉంది.

కానీ ఒక్క సిట్రేటుతో పాత తుప్పు త్వరగా కదలదు. తోడుగా హైడ్రోస్ కావాలి. చెరుకు పండించే ఊళ్లవాళ్లకి ఈ పేరు తెలిసే ఉంటుంది, బెల్లం తెల్లగా రావాలని కొందరు పాకంలో వేసేది ఇదే. అద్దకం రంగులమ్మే షాపుల్లో దొరుకుతుంది. ఇది తుప్పులోని ఇనుముని కరిగే రూపానికి మారుస్తుంది, సిట్రేట్ దాన్ని పట్టుకుంటుంది.

పద్ధతి: టిష్యూ పేపరు సిట్రేట్ నీళ్లలో తడిపి గుండ్రం మీద పరిచి పావుగంట ఉంచండి. తీసేసి, తడి ఆరకముందే మరక మీద హైడ్రోస్ పలచగా చల్లండి. పైన సుద్దపొడిని అదే సిట్రేట్ నీళ్లతో ముద్దచేసి మందంగా పట్టులా వెయ్యండి. ప్లాస్టిక్ కవర్ కప్పండి. గంట దాటనివ్వకుండా తీసేసి బాగా కడగండి. అవసరమైతే మర్నాడు మళ్లీ.

జాగ్రత్తలు: కిటికీలు తెరవండి, గంధకం వాసన వస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. చేతులకి గ్లవ్స్. పులుపుతో హైడ్రోస్ కలపకండి. మిగిలిన పొడికి తడి తగలనివ్వకండి, వేడెక్కి అంటుకుంటుంది. ముందు మూలన ఒక చోట చేసి చూసుకున్నాకే మిగతాది.

వంటింటి_వనజ | ఆదివారం, ఉదయం 10.52

సుద్దపొడి బదులు ముల్తానీ మట్టి వాడొచ్చా? ఇంట్లో ఉంది.

పాతబల్ల_మాస్టారు | ఆదివారం, ఉదయం 11.00

వద్దమ్మా. ఆ మట్టికి పసుపు రంగు ఇచ్చేది అందులో ఉన్న ఇనుమే. దొంగని పట్టడానికి వాడి తమ్ముణ్ణి పంపినట్టు అవుతుంది.

కారుకడిగేవాడు | ఆదివారం, ఉదయం 11.40

కార్ల షాపుల్లో చక్రాల మీద ఇనుప రజను పోగొట్టే స్ప్రే ఒకటి ఉంటుంది, ఇనుము తగలగానే ఊదారంగుకి తిరుగుతుంది. కుళ్లిన గుడ్ల కంపు. పులుపు లేని రకం చూసి తీసుకోవాలి, సీసా మీద రాసి ఉంటుంది. మా ఇంట్లో మార్బుల్ గడప మీద గేటు తుప్పు దానితోనే తీశాను, మూడు సార్లు కొట్టాల్సి వచ్చింది. మా ఆవిడ రెండు రోజులు ఆ వైపు రాలేదు, అది వేరే సంగతి.

కంచిపట్టు_కష్టాలు | ఆదివారం, మధ్యాహ్నం 2.15

తుప్పు గురించి మాట్లాడుకుంటున్నారు కాబట్టి నా గోడు కూడా వినండి. తెల్ల కాటన్ జాకెట్టు హుక్కుల దగ్గర తుప్పు మరకలు. బ్లీచ్ లో నానబెడితే ఎర్రమరక ఇంకా ముదిరింది. రెండోసారి నానబెడితే మరక ఉన్నచోట గుడ్డే చిరిగిపోయింది. నకిలీ బ్లీచ్ అంటారా?

పాతబల్ల_మాస్టారు | ఆదివారం, మధ్యాహ్నం 3.40

బ్లీచ్ అసలుదే. కానీ బ్లీచ్ చేసేది ఆక్సీకరణం, తుప్పు ఇప్పటికే ఆక్సీకరణం చెంది ఉన్నది. మండుతున్న పొయ్యిలో ఇంకో పుల్ల వేసినట్టు. పైగా ఇనుము ఉన్నచోట బ్లీచ్, పెరాక్సైడ్ లాంటివి నూలుని మరింత వేగంగా తినేస్తాయి. అందుకే సరిగ్గా మరక ఉన్నచోటే చిరిగింది. ఏమీ చెయ్యకపోయినా ఏళ్ల తరబడి తుప్పు ఉన్న చోట నూలు పొడిబారి పిగులుతుంది. పాత చీరల్లో పిన్నీసు పెట్టిన చోటు ముందు పోవడానికి ఇదొక కారణం.

గోదారిగట్టు | ఆదివారం, సాయంత్రం 4.05

బట్టల విషయం వచ్చింది కాబట్టి ఇప్పుడు ధైర్యంగా మాట్లాడతాను. తెల్ల నూలుకి నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టాలి, కానీ ఆరిపోనివ్వకూడదు. ఆరుతుంటే మళ్లీ నిమ్మరసం పిండుతుండాలి. గంట తర్వాత జాడించి చూసి, పోకపోతే మళ్లీ. చింతపండు మాత్రం ఇత్తడి చెంబులకే ఉంచండి, తెల్ల గుడ్డకి దాని రంగే పట్టుకుంటుంది. ఎండలో పెట్టేటప్పుడు తుప్పు పట్టిన దండెం తీగ మీద ఆరేసి కొత్త మరక తెచ్చుకోకండి, నేను తెచ్చుకున్నాను.

ఇస్త్రీబండి | ఆదివారం, సాయంత్రం 6.30

మా దుకాణంలో ఆగ్జాలిక్ వాడతాం. అరలీటరు గోరువెచ్చని నీళ్లకి ఒక టీస్పూను, ప్లాస్టిక్ మగ్గులో. మరక వరకే ముంచి పది పదిహేను నిమిషాలు, తర్వాత మూడు నాలుగు నీళ్లు మార్చి జాడించాలి. జాడించకుండా ఇస్త్రీ పెడితే గుడ్డ మాడినట్టు అవుతుంది. తెల్లవాటికే. రంగుబట్ట అయితే మడత లోపల చూసుకోవాలి. జరీ ఉంటే అసలు ముట్టుకోం, జరీలో రాగి ఉంటుంది, నల్లబడితే కస్టమర్ కి సమాధానం చెప్పలేం.

ఇంకో మాట. ఆ పొడి చూడటానికి పంచదారలా ఉంటుంది, విషం. మూత్రపిండాలు పాడవుతాయి. వంటింట్లో ఖాళీ డబ్బాలో పోసి పెట్టేవాళ్లని చూశాను. దయచేసి ఆ పని చెయ్యకండి.

పాతచీర | ఆదివారం, రాత్రి 8.20

బ్లీచ్ జోలికి పోనులెండి. నాది శ్రీకాళహస్తి కలంకారీ చీర. కొంగు దగ్గర పిన్నీసు వదిలేసి బీరువాలో పెట్టాను. ఇప్పుడు మామిడిపిందె బొమ్మ పక్కనే బొట్టంత తుప్పు. నూలు చీరే కాబట్టి రేపు నిమ్మకాయ పెడతాను.

కరక్కాయ | ఆదివారం, రాత్రి 8.26

పెట్టొద్దు పెట్టొద్దు పెట్టొద్దు!

కరక్కాయ | ఆదివారం, రాత్రి 8.41

అరిచినందుకు ఏమీ అనుకోకండి. మా ఇంట్లో కలంకారీ పని నడుస్తుంది, అందుకే.

ఆ చీర మీద నల్ల గీతలున్నాయే, అవీ ఇనుమే. తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడతాం. గుడ్డని ముందుగా కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతాం. ఆ ఇనుప నీళ్లతో గీసిన గీత గుడ్డలోని కరక్కాయ వగరుతో కలిసి మన కళ్లముందే నల్లబడుతుంది. పెడనలో అచ్చులతో వేసేవాళ్లదీ ఇదే సూత్రం. నిమ్మకాయో, ఆగ్జాలిక్కో పెడితే మీ తుప్పు చుక్క పోయేలోపు పక్కనున్న మామిడిపిందె గీతలు కూడా పోతాయి. దానికి ఏది తుప్పు, ఏది బొమ్మ అని తెలియదు కదా.

వంటింటి_వనజ | ఆదివారం, రాత్రి 8.55

అంటే పచ్చి అరటికాయ ఇనుప కత్తిపీట మీద తరిగితే నల్లబడేది ఇందుకేనా!

కరక్కాయ | ఆదివారం, రాత్రి 8.58

అదేనండి. అరటికాయ వగరు, ఇనుము. చీర మీద మేము కావాలని చేసేది మీ చేతివేళ్ల మీద కత్తిపీట ఊరికే చేస్తుంది.

పాతచీర | ఆదివారం, రాత్రి 9.10

అమ్మో, రక్షించారు. మరి ఆ బొట్టుని ఏం చెయ్యను?

కరక్కాయ | ఆదివారం, రాత్రి 9.24

మా నాన్న అయితే దాని మీద ఇంకో ఆకు గీసేవారు. నిజంగానే అంటున్నాను. ఇలాంటివి రెండు మూడు వచ్చాయి మా దగ్గరకి, మరక ఉన్నచోట తీగ సాగదీసి చిలకనో ఆకునో పెట్టాం. మీ దగ్గర్లో కలం పట్టేవాళ్లుంటే అడగండి.

బోరుబావి | సోమవారం, ఉదయం 7.05

మాకు ఒక చుక్క కాదు, ఇల్లంతా ఇదే రంగు. బోరు నీళ్లు పట్టేటప్పుడు తేటగానే ఉంటాయి. బకెట్లో రాత్రంతా ఉంటే పొద్దున అడుగున ఎర్రమడ్డి. మగ్గులు, కమోడ్, తెల్ల యూనిఫాంలు అన్నీ పసుపే. యూనిఫాం ఉతికేటప్పుడు బ్లీచ్ వేసిన కొద్దీ ఇంకా పసుపెక్కడం ఇప్పుడు అర్థమవుతోంది.

పాతబల్ల_మాస్టారు | సోమవారం, ఉదయం 7.50

భూమి లోపల గాలి తగలక ఇనుము నీళ్లలో కరిగి ఉంటుంది, అందుకే తేట. బయట గాలి తగలగానే తుప్పుగా మారి కిందికి దిగుతుంది. బ్లీచ్ ఆ పనిని బట్టల మీదే, అదీ వేగంగా చేస్తుంది. లీటరుకి 0.3 మిల్లీగ్రాములు దాటితే బట్టలకీ, పింగాణీకీ మరకలు పడటం మొదలవుతుంది. ముందు నీళ్లు పరీక్ష చేయించండి.

మరకల వెంట పరుగెత్తే బదులు ఇనుముని బట్టల దాకా రానివ్వకండి. నీళ్లు చిల్లుల గొట్టంలోంచి జల్లులా ట్యాంకులో పడేలా చేసి, మడ్డి దిగనిచ్చి, ఇసుక, కంకర వేసిన తొట్టిలోంచి వడగడితే చాలావరకు ఆగిపోతుంది. ఇసుకని అప్పుడప్పుడు కడుగుతుండాలి. ట్యాంకు గోడకి నారింజరంగు జిగురు పట్టి ఉంటే అది ఇనుముతో బతికే బాక్టీరియా, ట్యాంకు తోమి క్లోరినేషన్ చెయ్యాలి. కమోడ్ కీ మగ్గులకీ నిమ్మ ఉప్పు నీళ్లు చాలు, పింగాణీకి పులుపుతో ఇబ్బంది లేదు.

ఫ్లాట్_నంబర్_404 | సోమవారం, ఉదయం 9.15

ఆసిడ్, బ్లీచ్ రెండూ కలిపితే పవర్ పెరుగుతుందని మా పక్కింటాయన బాత్రూములో పోశాడు ఒకసారి. దగ్గుతూ బయటికి పరుగెత్తాడు. అది కూడా చెప్పండి మాస్టారూ.

పాతబల్ల_మాస్టారు | సోమవారం, ఉదయం 9.30

మీరే చెప్పారుగా. క్లోరిన్ వాయువు బాబూ అది. తలుపు మూసి ఉన్న బాత్రూములో ప్రాణం మీదకి వస్తుంది.

డల్లాస్_దోసె | సోమవారం, ఉదయం 10.40

ఇక్కడ అమెరికాలో సింకు, పింగాణీ తుప్పుకి బార్ కీపర్స్ ఫ్రెండ్ పొడి వాడతాం, అందులోనూ ఆగ్జాలిక్కే. ఒక హెచ్చరిక: తుప్పు తీసే కొన్ని ద్రావకాల్లో హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ ఉంటుంది. పలచనిది చర్మం మీద పడితే వెంటనే నొప్పి తెలియకపోవచ్చు, కానీ లోపలికి, ఎముకల దాకా పోతుంది. లేబుల్ చదవకుండా ఇండియాకి ఎవరికీ పంపకండి.

స్టీలు సింకులో చుక్కలు చుక్కలుగా తుప్పు కనిపిస్తే మాత్రం భయపడక్కర్లేదు, ఎక్కువసార్లు అది ఇనుప పీచు తాలూకు తునకలదే. పొడితో తేలిగ్గా పోతుంది.

సామాన్లమూట | బుధవారం, రాత్రి 10.20

అప్‌డేట్. హైడ్రోస్ కోసం నాలుగు షాపులు తిరిగాను. అద్దకాల షాపాయన "బెల్లం వండుతారా అమ్మా" అని అడిగాడు.

నిన్న మొదటి పట్టు వేశాను. తీసేటప్పటికి కొత్త గుండ్రాలు రెండూ మాయం. ఇవాళ రెండోది వేశాను. అన్నిటికన్నా పాతది, గోడ వైపున్నది మాత్రం టీ ఒలికి తుడిచినట్టు లేతగా మిగిలింది. వాసన మాత్రం బాబోయ్, మా అబ్బాయి దీపావళి వచ్చిందా అన్నాడు. నిమ్మకాయ మచ్చ అలాగే ఉంది.

తాండూరుబండ | బుధవారం, రాత్రి 10.35

లేత మరక వదిలెయ్యి అక్కా. మరీ గీకితే గుంట పడతది. నిమ్మ మచ్చకి మీ దగ్గర్లో మార్బుల్ పాలిష్ చేసేటాయన్ని పిలువు, అరచేయి అంత జాగాకి చిన్న మెషీన్ తోని గంట పని. మొత్తం నేల చేస్తా అంటడు, ఒప్పుకోకు.

సామాన్లమూట | శుక్రవారం, రాత్రి 8.50

పాలిష్ ఆయన అచ్చం అలాగే అన్నాడు, మొత్తం హాలుతో సహా చేస్తానని! ఆ ముక్క వరకే చేయించాను. వెలుతురులో అడ్డంగా వంగి చూస్తే తప్ప తెలియట్లేదు.

ఓనర్ గారు వచ్చారు. వంటగదిలోకి వెళ్లి నేల వైపు చూడనే లేదు. బాల్కనీలో మొక్కల కుండీల కింద ఇనుప స్టాండు జరిపి చూశారు.

గోదారిగట్టు | శుక్రవారం, రాత్రి 8.53

అక్కడ ఏ బండ?

సామాన్లమూట | శుక్రవారం, రాత్రి 8.55

తాండూరు. నాలుగు కాళ్లు, నాలుగు గుండ్రాలు. సిట్రేట్ నీళ్లు ఇంకా సగం గ్లాసు ఉన్నాయి, ఆదివారం దాకా టైమ్ అడిగాను.